చెన్నపట్నం నుండి అక్క లేఖ

పాఠం ఉద్దేశం

విహారయాత్రకు వెళ్ళినప్పుడు ఎన్నో చోట్లు చూస్తాం. ఇంటికి వచ్చాక గుర్తుండేవి కొన్నే. ఒక వస్తువును ఎలా చూడాలో, దానిని గురించి ఏమి అడగాలో తెలిస్తే చూసినది మనసులో నిలిచిపోతుంది. చెన్నైలో చదువుకుంటున్న ఒక అక్క, హోసూరు దగ్గరి పల్లెలో ఉన్న తన తమ్మునికి వ్రాసిన లేఖ ఇది. ఆ నగరంలోని ప్రదర్శనశాలలను గురించి, వాటికీ తెలుగువారికీ ఉన్న సంబంధాన్ని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

ప్రక్రియ : లేఖ

చెన్నై,
డిసెంబరు 12.

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ అమ్మ, నాయన, అవ్వ, నువ్వు క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం నిన్న అందింది. చదివితే ఒక సంతోషం, ఒక దిగులు రెండూ కలిగాయి. జనవరి మొదటి వారంలో మీ బడి పిల్లలను చెన్నై యాత్రకు తీసుకువస్తున్నారన్నది సంతోషం. సంక్రాంతికి ఇల్లు బాగుచేస్తున్నారనీ, అటక మీది పాత సామానంతా భోగిమంటలో వేసేద్దామని నాయన అన్నాడనీ, అందులో ముత్తాతగారి తాటాకుల కట్ట కూడా ఉందనీ వ్రాశావు. అదే నా దిగులు. "ఆ అక్షరాలు చదివేవాళ్ళే లేరు, ఉంచుకొని ఏం చేస్తాం?" అని అవ్వ కూడా అన్నదట కదా!

ఆ కట్ట సంగతి చివర చెబుతాను. ముందు నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు వ్రాస్తాను. "చెన్నైలో సముద్రం తప్ప మనం చూడవలసినవి ఏమున్నాయక్కా?" అని అడిగావు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. మా కళాశాలవాళ్ళు మొదటిసారి ఎగ్మూరులోని ప్రభుత్వ ప్రదర్శనశాలకు తీసుకువెళ్ళినప్పుడు ఒక్క గంటలో అన్ని గదులూ తిరిగేశాను. బయటికి వచ్చాక ఏమి చూశావని అడిగితే, పెద్ద తిమింగలం ఎముకల గూడు తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాను. అది చూడడం కాదు, నడవడం.

రెండోసారి ఒక్కదాన్నే వెళ్ళాను. ఈసారి నాలుగైదు వస్తువుల ముందు మాత్రమే నిలబడ్డాను. ఒక్కొక్క దానినీ మూడు ప్రశ్నలు అడిగాను. ఇది దేనితో చేశారు? ఎవరు, ఎవరికోసం చేశారు? ఇక్కడికి ఎలా వచ్చింది? ఈ మూడు ప్రశ్నలనూ నీ నోటుపుస్తకం మొదటి పుటలో వ్రాసుకో. మూడవదాన్ని అసలు మరచిపోవద్దు.

ఈ ప్రదర్శనశాలను పాతకాలపు చెన్నపట్నంవాళ్ళు 'చచ్చిన కాలేజీ' అనేవారట. జంతుప్రదర్శనశాల 'బ్రతికిన కాలేజీ'! నవ్వు వస్తోంది కదూ? 1851లో ఈ సంస్థ ఒక కళాశాల భవనంలోనే మొదలైంది. ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే వైద్యుడు దీనికి మొదటి అధికారి. కొద్ది ఏళ్ళకే ఇప్పుడున్న పాంథియన్ రోడ్డుకు మారింది. మన దేశంలోని పెద్ద ప్రదర్శనశాలలలో కలకత్తా ప్రదర్శనశాల తరువాత ఇదే పాతది. 1855లో జంతుప్రదర్శనశాల కూడా ఈ ఆవరణలోనే మొదలైంది. అది చోట్లు మారి మారి ఇప్పుడు వండలూరులో ఉంది.

మీరు వచ్చే రోజు శుక్రవారం కాకుండా చూసుకోమని మీ అయ్యవారికి చెప్పు. ఆ రోజు ఇక్కడ సెలవు.

లోపలికి వెళ్ళగానే అమరావతి శిల్పాలున్న చోటు ఎక్కడో అడుగు. కృష్ణానది ఒడ్డున, ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, అమరావతి దగ్గర రెండువేల ఏళ్ళ క్రిందట గొప్ప బౌద్ధస్తూపం ఉండేది. దాని చుట్టూ నిలిపిన రాతిపలకలు, కంబాలు ఎన్నో ఇక్కడున్నాయి. వీటిని చలువరాయి అంటారు గాని, నిజానికి ఇది పల్నాటి సున్నపురాయి. మెత్తని రాయి కనుక శిల్పి ఉలికి తేలికగా లొంగింది. వేలి గోళ్ళు, చెవి పోగులు, చీర మడతలు కూడా చెక్కగలిగారు.

వాటిలో గుండ్రని ఫలకం ఒకటుంది. దాని ముందు కాసేపు నిలబడు. బుద్ధునిపై పగబట్టిన దేవదత్తుడు రాజగృహం వీధుల్లోకి నలగిరి అనే మదపుటేనుగును వదిలిన కథ అందులో ఉంది. ఒకవైపు ఏనుగు జనాన్ని తొక్కుతూ వస్తోంది. భయపడిన స్త్రీ పక్కనున్నవానిని పట్టుకొంది. మేడ కిటికీల్లోనుంచి ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు. మరొకవైపు అదే ఏనుగు బుద్ధుని పాదాల దగ్గర మోకరిల్లి ఉంది. ఒకే ఫలకంలో కథ ముందూ వెనుకా రెండూ చెక్కారు. మాట ఒక్కటీ లేదు. అయినా కేకలు వినిపిస్తాయి, ఆ తరువాతి నిశ్శబ్దమూ వినిపిస్తుంది.

ఇప్పుడు మూడవ ప్రశ్న. కృష్ణ ఒడ్డున ఉండవలసిన రాళ్ళు చెన్నైకి ఎలా వచ్చాయి?

ఇది విని నువ్వు బాధపడతావు. బౌద్ధం క్షీణించాక ఆ స్తూపం మట్టిదిబ్బగా మిగిలింది. పద్దెనిమిదవ శతాబ్దం చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టించేటప్పుడు పనివాళ్ళు ఇటుకలకోసం, రాళ్ళకోసం ఆ దిబ్బను త్రవ్వారు. కొన్ని పలకలు మెట్లయ్యాయి, గోడలయ్యాయి. మరికొన్నింటిని కాల్చి సున్నం చేశారు. అవునురా, అంత అందమైన శిల్పాలు సున్నపు బట్టీలో కాలిపోయాయి. కాల్చినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అవి ఏమిటో వాళ్ళకు తెలియదు. చెప్పేవాళ్ళూ లేరు.

ఆ రోజుల్లోనే కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి ఆ చోటును చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడుమ భాగాన్ని చెరువులాగా త్రవ్వేసి ఉన్నారు. మిగిలిన శిల్పాలకు అతడు బొమ్మలు గీయించాడు. ఈనాడు లేని ఎన్నో పలకల రూపం మనకు ఆ బొమ్మలవల్లనే తెలుస్తోంది. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వకాలు జరిపి కొన్ని పలకలను మద్రాసుకు పంపాడు. అవి ఎండకూ వానకూ చాలా ఏళ్ళు ఆరుబయటే పడి ఉన్నాయి. 1859లో వాటిలో చాలావాటిని ఓడలో లండనుకు తరలించారు. అవి ఇప్పుడు అక్కడి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తరువాతి త్రవ్వకాల్లో దొరికినవి కలిపి ఇక్కడున్నవి ఇక్కడ నిలిచాయి. అమరావతిలో కూడా ఒక ప్రదర్శనశాల ఉంది. ఒక్క స్తూపం, మూడు చోట్ల ముక్కలు!

"మరి వీటిని అమరావతికి తిరిగి ఇచ్చేయాలి కదా?" అని నువ్వు అడుగుతావు. నేనూ అడిగాను. మా అధ్యాపకురాలు వెంటనే అవునని గాని కాదని గాని అనలేదు. "ఇవి ఇక్కడికి వచ్చినప్పుడు అమరావతీ మద్రాసూ ఒకే రాజధానిలో ఉండేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. సరిహద్దు మారింది, రాళ్ళు ఉన్నచోటనే ఉన్నాయి" అన్నారు. ఆ మాట వినగానే నాకు మన ఊరు గుర్తుకొచ్చింది. మనం కూడా అంతే కదా! తరతరాలుగా ఉన్నచోటనే ఉన్నాం. గీతలే మన చుట్టూ మారాయి. ఆ రాళ్ళ దగ్గర నిలబడితే నాకు చుట్టాల ఇంటికి వచ్చినట్లు అనిపించింది. తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది మీ తరగతిలో వాదించండి. రెండు పక్కలా చెప్పవలసిన మాటలున్నాయి.

అక్కడినుండి కంచు విగ్రహాల గదికి వెళ్ళు. తిరువాలంగాడు నటరాజ విగ్రహం చూడు. ఇది చోళుల కాలపు పని. ముందు మైనంతో బొమ్మ చేస్తారు. దానిపై మట్టి మెత్తి ఆరబెట్టి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగించిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి అచ్చును పగలగొట్టాలి. అచ్చు పగిలిపోయింది కనుక అలాంటిదే మరొకటి రాదు. ఫ్రాన్సు దేశపు ప్రసిద్ధ శిల్పి రొడాఁ ఈ నటరాజును కళ్ళారా చూడలేదు. ఛాయాచిత్రాలు మాత్రమే చూసి, 1913లో దీనిని మెచ్చుకుంటూ ఒక వ్యాసం వ్రాశాడు. నీకైతే ఎదురుగా నిలబడే అదృష్టం ఉంది. తొందరపడకు. ఇలాంటి విగ్రహాలు ఎన్నో ఒకప్పుడు భూమిలో దాగి ఉండి, తరువాత త్రవ్వుతుండగా బయటపడినవే.

అదే ఆవరణలో కన్నెమరా గ్రంథాలయం ఉంది. 1896లో తెరిచారు. 1954 నాటి చట్టం ప్రకారం మన దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకానికీ ఒక ప్రతి ఈ గ్రంథాలయానికి పంపాలి. దేశంలో ఇలాంటివి నాలుగే ఉన్నాయి. విజయవాడలో అచ్చయినా, హైదరాబాదులో అచ్చయినా, తెలుగు పుస్తకం ఇక్కడికి రావాలన్నమాట. నేను ఆదివారం పూట వెళ్ళి తెలుగు పుస్తకాలు చదువుకుంటాను.

మరునాడు సెయింట్ జార్జి కోటకు వెళతారు కదా! ఆ కోట కట్టిన నేలను 1639లో ఆంగ్లేయులకు ఇచ్చినవాడు దామెర్ల వేంకటాద్రినాయకుడు. ఆయన తండ్రి చెన్నప్పనాయకుని పేరు మీదనే చెన్నపట్నం ఏర్పడింది. ఈ పేరు వెనుక తెలుగు కుటుంబం ఉందన్నమాట. కోటలో 1948లో తెరిచిన ప్రదర్శనశాల ఉంది. నాణేలు, కత్తులు, తుపాకులు, పాత ఉత్తరాలు చూడవచ్చు. వాటన్నింటికన్నా ముందు 1947 ఆగస్టు 15న ఆ కోటపై ఎగరవేసిన జాతీయ జెండాను చూడు. అది పట్టుబట్టతో చేసినది. బట్ట చాలా సున్నితం కనుక గాజుపెట్టెలో జాగ్రత్తగా ఉంచారు.

వీలుంటే ముట్టుకాడులోని దక్షిణచిత్రకు కూడా తీసుకువెళ్ళమని అడగండి. 1996లో తెరిచిన ఈ చోట గాజుపెట్టెలు తక్కువ, ఇళ్ళు ఎక్కువ. దక్షిణాది రాష్ట్రాల పాతకాలపు ఇళ్ళను, కొన్నింటిని విప్పి తెచ్చి, మళ్ళీ నిలబెట్టారు. కొయ్యలగూడెం ఇక్కత్ నేతగాని ఇల్లు ఉంది. విశాఖ తీరపు హరిపురం చుట్టిల్లు ఉంది. రాజుల విగ్రహాలే కాదు, నేతగాని మగ్గం, వంటింటి రోలు కూడా దాచదగినవేనని అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు మన తాటాకుల కట్ట సంగతికి వస్తాను.

చెన్నైలో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం అనే సంస్థ ఉంది. 1869లో స్థాపించారు. చాలాకాలం చేపాకులోని విశ్వవిద్యాలయం ఆవరణలో ఉండేది. ఇప్పుడు కోట్టూరుపురంలోని అణ్ణా శతజయంతి గ్రంథాలయ భవనంలో ఉంది. అక్కడ సంస్కృతం, తమిళం, తెలుగు మొదలైన భాషల తాళపత్ర గ్రంథాలు వేలకొలది ఉన్నాయి. నేను చెప్పిన మెకంజీ సేకరించినవి కూడా వాటిలో ఉన్నాయి. ఆయన కోసం ఊరూరా తిరిగి శాసనాలు, కరణాల కవిలెలు, స్థల చరిత్రలు సేకరించినవారిలో ముఖ్యులు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే తెలుగు సోదరులు. పేరు మెకంజీది, కాళ్ళరిగేలా తిరిగినవారు వీరూ వీరి తోటివారూ.

సి.పి. బ్రౌన్ సేకరణ కూడా అక్కడికే చేరింది. బ్రౌన్ 1817లో మద్రాసు వచ్చాడు. కడపలో ఉద్యోగం చేస్తూ తెలుగు నేర్చుకున్నాడు. పట్టించుకునేవారు లేక తాళపత్రాలు పురుగులపాలు అవుతుంటే చూసి, తన ఇంటిలోనే పండితులను, వ్రాయసగాళ్ళను పెట్టి ప్రతులు వ్రాయించాడు. జీతాలు తన చేతినుండి ఇచ్చాడు, అప్పులు కూడా చేశాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. 1852లో తెలుగు నిఘంటువు వెలువరించాడు. ఎక్కడో పుట్టినవాడు మన ఆకుల విలువ గుర్తించాడు. మన అటక మీద ఉన్నదాన్ని మనం మంటలో వేయడమా?

తాటాకు మీద ఎలా వ్రాస్తారో తెలుసా? ఎండబెట్టి సిద్ధం చేసిన ఆకుపై ఇనుప గంటంతో గీస్తూ వ్రాస్తారు. అప్పుడు అక్షరం సరిగా కనబడదు. మసి పూసి తుడిస్తే గీతల్లో నిలిచి నల్లగా కనబడుతుంది. ఆకుకు రంధ్రం చేసి, తాడు దూర్చి, పైనా క్రిందా చెక్కపలకలు పెట్టి కట్టేవారు. ఆకులు పెళుసెక్కకుండా, పురుగు పట్టకుండా భాండాగారంలో నిమ్మగడ్డి నూనె పూస్తారు.

నేను మొదటిసారి ఒక తెలుగు తాళపత్రం చూసినప్పుడు ఒక్క ముక్కా అర్థం కాలేదు. మాటకూ మాటకూ నడుమ ఖాళీ లేదు. అక్షరాలు కొంచెం వేరుగా ఉన్నాయి. సిగ్గుపడి వెనుదిరగబోయాను. అయినా మళ్ళీ చూశాను. మొదట 'శ్రీ' కనబడింది. తరువాత 'రామ' కనబడింది. ఆ తరువాత ఒక్కొక్కటిగా అక్షరాలు పలకడం మొదలుపెట్టాయి. మన పల్లెబడిలో పలక మీద దిద్దిన అక్షరాలే తమ్ముడూ! "మన ఊళ్ళో తెలుగు చదివి ఏం లాభం?" అని నువ్వు ఒకసారి అడిగావు. ఆ రోజు నాకు జవాబు తోచలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ముత్తాతగారు వ్రాసినదాన్ని మన ఇంటిలో చదవగలిగినవాళ్ళం నువ్వూ నేనే. చదివేవాళ్ళు లేరని అవ్వ అన్నమాట నిజం కాదు.

ఆ కట్టలో గొప్ప కావ్యమే ఉంటుందని నేను అనడం లేదు. వట్టి పొలం లెక్కలు ఉండవచ్చు. నాటు వైద్యం ఉండవచ్చు. రామాయణం ఉండవచ్చు. ఏమున్నదో తెలియకముందే కాల్చవద్దనే నా మాట. సున్నపు బట్టీలో పడిన పలకలను తలచుకో.

నేను భోగికి రెండు రోజుల ముందే వస్తాను. అంతవరకు కట్టను విప్పవద్దు. తాడు లాగితే పెళుసెక్కిన ఆకులు విరుగుతాయి. నీళ్ళు తగలనీయకు. మనకు తెలియకుండా నూనె పూయవద్దు. పొడిబట్టలో చుట్టి, చెమ్మ లేని చోట, పొయ్యికి దూరంగా పెట్టు. నేను వచ్చాక అవ్వ ముందు కూర్చుని నువ్వే మొదటి ఆకు చదవాలి. చదవలేనివి ఉంటే భాండాగారంవారిని అడుగుదాం. నాయనకు నేను వేరుగా వ్రాస్తున్నాను గాని, నువ్వు చెన్నై చూసి వెళ్ళి చెబితే నా ఉత్తరంకన్నా నీ మాటే ఎక్కువ పనిచేస్తుంది.

అమ్మకు, నాయనకు, అవ్వకు నా నమస్కారాలు. సెంట్రల్ స్టేషనుకు మీ బండి ఏ వేళకు వస్తుందో తప్పక వ్రాయి. నేను వచ్చి కలుస్తాను.

ఇట్లు,
నీ అక్క.

కఠిన పదాలు – అర్థాలు

అటక : ఇంటి పైకప్పు క్రింద సామాను పెట్టే చోటు
క్షీణించు : తగ్గిపోవు
మోకరిల్లు : మోకాళ్ళపై వంగు
భాండాగారం : విలువైనవి దాచే చోటు
తాళపత్రం : తాటాకు
గంటం : తాటాకుపై వ్రాసే ఇనుప కలం
కవిలె : కరణం వ్రాసి ఉంచే గ్రామ లెక్కల పుస్తకం
వ్రాయసగాడు : చూసి ప్రతి వ్రాసేవాడు
పెళుసు : తేలికగా విరిగే గుణం

అభ్యాసం

I. ఒక్క వాక్యంలో సమాధానం వ్రాయండి.
1. ఎగ్మూరు ప్రదర్శనశాల ఏ సంవత్సరంలో మొదలైంది?
2. చెన్నపట్నం అనే పేరు ఎవరి పేరు మీద ఏర్పడింది?
3. అమరావతి శిల్పాలను ఏ రాతితో చెక్కారు?
4. మెకంజీకి సహాయపడిన తెలుగు సోదరులు ఎవరు?

II. నాలుగైదు వాక్యాలలో సమాధానం వ్రాయండి.
1. నలగిరి ఏనుగు ఫలకంలో ఏమేమి చెక్కారు?
2. కంచు విగ్రహాలను ఎలా పోతపోస్తారు? అచ్చును పగలగొట్టడంవల్ల ఏమవుతుంది?
3. తాటాకుపై వ్రాసే పద్ధతిని వివరించండి.
4. "కాల్చినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు" అని అక్క ఎందుకు అన్నది?

III. ఒక పుటకు మించకుండా వ్రాయండి.
1. అమరావతి శిల్పాలు మూడు చోట్లకు చేరిన కథను మీ మాటలలో వ్రాయండి.
2. తాటాకుల కట్టను కాల్చవద్దని చెప్పడానికి అక్క చూపిన కారణాలు ఏవి? వాటిలో మీకు బలమైనదిగా తోచినది ఏది? ఎందుకు?

IV. ఈ మాటలు ఎవరు, ఏ సందర్భంలో అన్నారు?
1. "ఉంచుకొని ఏం చేస్తాం?"
2. "సరిహద్దు మారింది, రాళ్ళు ఉన్నచోటనే ఉన్నాయి."

V. భాషాంశాలు
1. విడదీసి, సంధి పేరు వ్రాయండి : తాటాకు, గ్రంథాలయం, శతాబ్దం.
2. విగ్రహవాక్యం వ్రాసి, సమాసం పేరు చెప్పండి : ప్రదర్శనశాల, రాతిపలకలు.
3. సొంత వాక్యాలలో ప్రయోగించండి : కళ్ళారా, కాళ్ళరిగేలా, తరతరాలుగా.

VI. చేయండి
1. మీ ఇంటిలో ఉన్న ఒక పాత వస్తువును ఎన్నుకోండి. అక్క చెప్పిన మూడు ప్రశ్నలు పెద్దలను అడిగి, జవాబులు వ్రాసి తరగతిలో చదవండి.
2. మీకు దగ్గరగా ఉన్న నగరంలోని ఒక ప్రదర్శనశాలను చూసి, దానిని గురించి మిత్రునికి లేఖ వ్రాయండి.
3. "పాత శిల్పాలు పుట్టినచోటనే ఉండాలి" అనే విషయంపై తరగతిలో చర్చ జరపండి.